చెల్లి నల్లగుడ్డు మీద పుండు: మేం బయటపడిన తీరు

మా చెల్లి మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తుంది. తెల్లారి ఇంటికొచ్చి, అలసటతో కాంటాక్ట్ లెన్స్ తీయకుండానే పడుకునేది. అవి నెలవారీ లెన్స్. అంటే నెలంతా కంట్లోనే ఉంచుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నిజానికి రోజూ పడుకునే ముందు తీసి, సొల్యూషన్‌తో శుభ్రం చేసి, నెల తిరగ్గానే పారేయాలని దాని అర్థం.

ఒక మధ్యాహ్నం "అక్కా, కన్ను తెరవలేకపోతున్నాను" అంటూ లేచింది. కన్ను ఎర్రబడింది, నీళ్లు కారుతున్నాయి, వెలుతురు చూస్తే పోటు. వెంటనే లెన్స్ తీయించాను. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందులో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ కూడా ఉంది. అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గి నయమైనట్టే కనిపిస్తుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతుంది. అందుకే వెయ్యనివ్వలేదు. లెన్స్, వాటి డబ్బా, సొల్యూషన్ సీసా ఒక కవర్లో వేసుకుని కంటి ఆస్పత్రికి బయల్దేరాం. రిసెప్షన్‌లో "లెన్స్ పెట్టుకునే మనిషి, కన్ను బాగా నొప్పి" అని చెప్పగానే లోపలికి పంపారు. ఈ మాట అందరికన్నా ముందు చెప్పండి, లైన్లో కూర్చోకండి.

కంట్లో నారింజ రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూశారు. పుండు పడిన చోటు పచ్చగా మెరిసింది. మత్తు చుక్కలు వేసి, సన్నని బ్లేడుతో పుండు అంచు గీకి ల్యాబ్‌కు పంపారు. లెన్స్ డబ్బా కూడా పంపారు. తర్వాత రెండింట్లోనూ సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా బయటపడింది. లెన్స్ వాడేవాళ్లకు వచ్చే పుండ్లలో తరచూ కనిపించేది ఇదే. ఆలస్యమైతే కొద్ది రోజుల్లోనే నల్లగుడ్డును కరిగించేస్తుంది. అందుకే రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే మందు మొదలుపెట్టారు.

నిద్రలో లెన్స్ ఎందుకు ప్రమాదమో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. కార్నియాకు, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొరకు, రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచి కన్నీటి పొర ద్వారా అందుతుంది. రెప్ప మూస్తేనే అది తగ్గుతుంది, మధ్యలో లెన్స్ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది. పైపొర నీరసించి, చిన్న గీత పడినా చాలు, క్రిములు దిగిపోతాయి.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. గంటగంటకూ చుక్కలు, రాత్రిళ్లు కూడా. రెండు రకాల మందులు, మధ్యలో ఐదు నిమిషాల విరామం, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాల్సింది. అమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. ఊరి నుంచి అత్తయ్య ఫోన్ చేసి నందివర్ధనం పూలు పెట్టి కట్టు కట్టమంది. ప్రేమతోనే చెప్పింది, కానీ కట్టు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మూసి ఉంచిన కన్ను వెచ్చగా, తడిగా ఉండి క్రిములకు అనువవుతుందట. ప్రతి రివ్యూలో పుండును మిల్లీమీటర్లలో కొలిచేవారు. అది తగ్గడం మొదలయ్యాకే మాకు టెన్షన్ తగ్గింది.

పుండు మానింది. మచ్చ మిగిలింది, మా నానమ్మ "పువ్వు" అనేది దాన్నే. అది పక్కకు ఉండబట్టి చూపు నిలిచింది. మధ్యలో పడి ఉంటే కార్నియా మార్పిడి దాకా వెళ్లేదట. ప్రస్తుతం చెల్లి కళ్లద్దాలే వాడుతోంది. మళ్లీ లెన్స్ కావాలంటే రోజువారీ రకమే, అదీ పరీక్ష చేశాకే అన్నారు. బోరు నీళ్లతో గానీ కుళాయి నీళ్లతో గానీ లెన్స్‌నూ డబ్బానూ కడగొద్దన్నారు. ఆ నీళ్లలో అకాంతమీబా అనే క్రిమి ఉండొచ్చు, దానితో వచ్చే పుండుకు నెలల తరబడి మందు వాడాల్సి వస్తుందట.