గన్నవరంలో ఆర్చర్ ఎదురుపడితే ఏమడగాలి

గన్నవరం ఎయిర్‌పోర్టులో లగేజీ బెల్టు మీద అందరి సూట్‌కేసులూ వచ్చేశాయి. జనం బయటికి నడుస్తున్నారు. వెనక ‘ఇండియా’ అని రాసున్న ట్రాక్‌సూట్‌లో ఒకరు మాత్రం ఇంకా కదలకుండా నిలబడి ఉన్నారనుకోండి. వేరే ఊళ్లో అయితే ఏమో గానీ, విజయవాడలో ఆ మనిషి ఆర్చర్ అయ్యే అవకాశాలే ఎక్కువ. జ్యోతి సురేఖది ఈ ఊరే, ధీరజ్ బొమ్మదేవరది ఈ ఊరే, ఓల్గా ఆర్చరీ అకాడమీ ఉన్నదీ ఇక్కడే. ఎదురుచూస్తున్నది విల్లు పెట్టె కోసం. పొడుగ్గా ఉంటుంది కాబట్టి అది చివరికో, మామూలు సామాన్లతో కలవకుండా విడిగానో వస్తుంది.

ఆ పది నిమిషాల్లో చుట్టూ చేరినవాళ్లు అడిగేవి దాదాపు ఎప్పుడూ రెండే. “మీ సక్సెస్ సీక్రెట్ ఏంటమ్మా?” ఒకటి. “ఒలింపిక్స్ మెడల్ ఎప్పుడు?” రెండోది. మొదటిదానికి కష్టం, క్రమశిక్షణ, అమ్మానాన్నల ప్రోత్సాహం అని జవాబొస్తుంది. అబద్ధమేమీ కాదు. కానీ ఎంసెట్ ర్యాంకరూ అదే చెబుతాడు, కబడ్డీ కెప్టెనూ అదే చెబుతాడు. ఇంటికెళ్లాక ఆర్చరీ గురించి మనకు కొత్తగా తెలిసిందేమీ ఉండదు.

రెండో ప్రశ్న ఇంకా ఇబ్బంది. అడిగే ముందు పెట్టె వచ్చేదాకా ఆగి దాన్ని చూడాలి. నడుం ఎత్తు బ్యాక్‌ప్యాక్ లాంటిదైతే రికర్వ్. ఆ విల్లు మూడు ముక్కలుగా విడిపోతుంది: మధ్య పిడి మామూలుగా 25 అంగుళాలు, పైనొకటి కిందొకటి రెండు లింబ్‌లు, అంటే వంగే బద్దలు. మీటరు దాటిన గట్టి ప్లాస్టిక్ పెట్టె అయితే కాంపౌండ్. చక్రాలూ కేబుళ్లూ బిగించి ఉన్న ఆ విల్లు ఊడదీసి సర్దేది కాదు, అలాగే మొత్తంగా ప్రయాణం చేస్తుంది. ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా ఉన్నది రికర్వ్ మాత్రమే. కాంపౌండ్ మొదటిసారి 2028 లాస్ ఏంజెలెస్‌లో వస్తోంది, అదీ మిక్స్‌డ్ టీమ్ ఒక్కటే. కాబట్టి కాంపౌండ్ ఆర్చర్‌ని “ఒలింపిక్స్‌కి ఎందుకెళ్లలేదు?” అని అడగడమంటే లేని బస్సు ఎందుకెక్కలేదని అడిగినట్టే. ధీరజ్ రికర్వ్. 2024 పారిస్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానంలో ఆగాడు. అలాంటివాళ్లను ఒలింపిక్స్ గురించి అడగొచ్చు. అయితే “కొద్దిలో పోయింది కదా!” అనే ఓదార్పు మాత్రం వద్దు. అది వాళ్లు లెక్కలేనన్నిసార్లు వినే ఉంటారు.

మరి ఏమడగాలి? నా దృష్టిలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇది: “ఆ తొమ్మిది ఎలా పడిందమ్మా?”

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో (2023లో జరిగాయి, పేరు మాత్రం 2022దే) జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో కొరియాకు చెందిన సో చేవాన్ మీద స్కోరు 149–145. కాంపౌండ్ మ్యాచ్‌లో 15 బాణాలు, గరిష్ఠం 150. అంటే పద్నాలుగు పదులు, ఒక్క తొమ్మిది. ఓజస్ దేవ్‌తలేతో మిక్స్‌డ్ టీమ్‌లో 160కి 159, కొరియాకు 158. అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో టీమ్ ఫైనల్లో 240కి 230, చైనీస్ తైపీకి 229. మూడు స్వర్ణాల్లో రెండు ఒక్క పాయింటు తేడాతో వచ్చినవే. రికర్వ్‌లో ఒక సెట్ పోతే ఆ సెట్ వరకే పోయింది, తర్వాతిది సున్నా నుంచి మొదలవుతుంది. కాంపౌండ్‌లో మొత్తం కూడతారు, పోయిన పాయింటు చివరి బాణం దాకా వెంటే వస్తుంది. అందుకే ఈ ఆటలో వాళ్లు పదుల గురించి పెద్దగా మాట్లాడుకోరు. తొమ్మిదుల గురించే మాట్లాడుకుంటారు.

ఆ తొమ్మిది పడే దారులు చాలా ఉన్నాయి. ఒకటి లెక్క వేసి చూద్దాం. దూరం 50 మీటర్లు, పది వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకి 4. నారిలో కూర్చోబెట్టిన చిన్న రంధ్రం పీప్, అందులోంచి ముందున్న స్కోప్ భూతద్దాన్ని చూస్తూ గురి పెడతారు. ఈ రెంటి మధ్య దూరం మనిషిని బట్టి ఓ 85 సెంటీమీటర్లు అనుకుందాం. స్కోప్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దగ్గర అది దాదాపు 6 సెంటీమీటర్లవుతుంది. నట్టనడుమ పడాల్సిన బాణం తొమ్మిదిలోకి వెళ్లడానికి అది చాలు. బెల్టు మీద పెట్టె ఒకసారి బోర్లా పడితే ఒక మిల్లీమీటరు జరగడం ఎంతసేపు?

అందుకే స్కోప్ బిగించి ఉండే సైట్‌ని విల్లు నుంచి విప్పి, స్కోప్‌ని గుడ్డలో చుట్టి చేతిసంచిలో తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. విల్లు, బాణాలు, అలెన్ కీలు మాత్రం చెక్-ఇన్‌లోనే వెళ్లాలి. సర్దేముందు ప్రతి స్క్రూ మీదా, చక్రం మీదా వెండిరంగు పెన్నుతో సన్నటి గీత పెడతారు, రెండు భాగాల మీదుగా వెళ్లేలా. దిగాక ఆ గీత రెండుగా విరిగి కనిపిస్తే ఏదో కదిలిందన్నమాట. ఇరుసు నుంచి ఇరుసుకి దూరం, పిడి నుంచి నారికి దూరం, నారిమీద పీప్ ఎత్తు, ఈ మూడూ కొలిచి నోటుబుక్కులో రాసి ఉంటాయి. ఊరు మారగానే పొద్దున్నే ముందు టేపు తీస్తారు, తర్వాతే బాణం. ఆ మొదటి బాణం కూడా 50 మీటర్ల నుంచి కాదు, నాలుగైదు మీటర్ల దగ్గర నిలబడి వేస్తారు. ప్రయాణంలో కేబుల్ చక్రం గాడి తప్పి ఉంటే, చూసుకోకుండా లాగినప్పుడు విల్లు చేతుల్లోనే విరిగిపోవచ్చు.

మన ఊరి వాళ్లకు అదనంగా ఎండ ఒకటి. మే నెల మధ్యాహ్నం పార్కింగ్‌లో అద్దాలు మూసిన కారులో పెట్టె ఉంచి టిఫిన్‌కి వెళ్లొస్తే నారి సాగుతుంది. సాగిన నారి కొద్దిగా తిరుగుతుంది, దాంతోపాటు పీప్ పక్కకు తిరిగి స్కోప్‌లోని గురి చుక్క సగమే కనిపిస్తుంది. బాణం మొనలు వేడికి కరిగే జిగురుతో అంటించినవైతే అవీ వదులవుతాయి. బాణం వేశాక లాగితే మొన టార్గెట్ వెనకుండే దిమ్మలోనే ఉండిపోయి కర్ర ఒక్కటే చేతికొస్తుంది. కొత్త నారి వేశాక ఓ వంద, రెండు వందల బాణాలు వేస్తే గానీ అది కుదురుకోదు. పోటీకి పట్టుకెళ్లే స్పేర్ నారిని ముందే అలా వాడి, కొలిచి, పీప్‌తో సహా సిద్ధం చేసి సంచిలో పెట్టుకోవడం అందుకే. “స్పేర్ స్ట్రింగ్ సెట్టు ఎన్ని బాణాలు వేసి పెట్టుకుంటారు?” అని అడిగి చూడండి, ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. ఫొటో కోసం పెట్టిన నవ్వు పోయి మాట మొదలవుతుంది.

ఇక విజయవాడ ఆర్చర్లకు తప్పని మాట ఇంకొకటి ఉంది. “అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి ఊరు కదమ్మా, పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనబడకూడదు!” చెప్పేవాళ్లది అభిమానమే. కానీ కాంపౌండ్ విల్లు ఎక్కుపెట్టినప్పుడు జరిగేది దానికి దాదాపు తలకిందులు. గురి ఎంతసేపటికీ నిలవదు. స్కోప్‌లోని చుక్క టార్గెట్ మధ్యలోని పసుపురంగు మీద తేలుతూ, తిరుగుతూ ఉంటుంది. దాన్ని బలవంతంగా ఆపబోతే భుజం బిగుస్తుంది, చుక్క ఇంకా ఎక్కువ ఊగుతుంది. అది సరిగ్గా మధ్యకి వచ్చిన క్షణం చూసి, నారిని పట్టి వదిలే చేతి పరికరం (రిలీజ్) బటన్‌ని బొటనవేలు టక్కున నొక్కితే ఒళ్లంతా చిన్న కుదుపు, బాణం పక్కకి. ఇదే అలవాటైపోయిన స్థితిని టార్గెట్ ప్యానిక్ అంటారు. ముదిరినవాళ్లకు చుక్క పసుపులోకి దిగకముందే వేలు నొక్కేస్తుంది, లేదా చుక్క పసుపు అంచున ఇరుక్కుపోయి లోపలికి రానే రాదు. మంచి ఆర్చర్లకూ వస్తుంది ఇది.

మందు విచిత్రంగా ఉంటుంది. టార్గెట్ కాగితం తీసేసి, వట్టి దిమ్మకు మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని వారాల తరబడి బాణాలు వేయడం. బటన్ లేని రిలీజ్ వాడేవాళ్లూ ఉన్నారు. అది వీపు కండరాలు లాగే కొద్దీ మెల్లగా తిరిగి, తనంతట తానే వదులుతుంది, ఎప్పుడు వదులుతుందో వేసేవాడికీ కచ్చితంగా తెలియకూడదు. చుక్కను తేలనిచ్చి వీపుతో లాగుతూ ఉండటం, అంతే పని. మ్యాచ్‌లో వంతులవారీగా వేసేటప్పుడు బాణానికి 20 సెకన్లు. ఆ 20లో సరిగ్గా కుదరలేదనిపిస్తే విల్లు దించేసి మళ్లీ ఎత్తే ధైర్యం ఉండాలి. “మొన్న మ్యాచ్‌లో ఎన్నిసార్లు దించారు?” అనే ప్రశ్నకు వచ్చే జవాబు సక్సెస్ సీక్రెట్ కంటే చాలా ఎక్కువ చెబుతుంది.

గాలి గురించి కూడా అడగొచ్చు. “చుక్కను పక్కకు పెడతారా, బబుల్‌తో చూసుకుంటారా?” స్కోప్‌లో మేస్త్రీ రసమట్టంలో ఉన్నట్టే చిన్న నీటి బుడగ ఉంటుంది. విల్లు ఒక డిగ్రీ ఒరిగితే 50 మీటర్ల దగ్గర బాణం దాదాపు మూడు సెంటీమీటర్లు అటే పోతుంది. మామూలుగా ఇది తప్పు. గాలి వీచేటప్పుడు కొందరు ఇదే తప్పును కావాలని చేస్తారు, గురి మధ్యలోనే ఉంచి విల్లును గాలికి ఎదురు వంచుతారు. ఇంకొందరికి అది నచ్చదు, గురినే ఎనిమిది మీదో తొమ్మిది మీదో పెడతారు. ఎవరిది వాళ్లకు గట్టి నమ్మకం. ఇడ్లీలోకి కారప్పొడా, అల్లం పచ్చడా అన్నంత వాదన నడుస్తుంది.

బాణాలకు నంబర్లు వేసుకుంటారు. ఏడో నంబరు మూడు రోజుల పాటు ఎడమకే పోతుంటే తప్పు చేతిది కాదు, బాణానిది. తోక దగ్గర నారికి తగిలించే నాక్‌ని తిప్పి, ఈకల మధ్య ఇంకో స్థానంలో పెట్టి చూస్తారు. అప్పటికీ దారికి రాకపోతే అది పోటీ సంచిలోంచి ప్రాక్టీసు సంచిలోకి దిగిపోతుంది. ఒక్కో బాణం వేల రూపాయలు కాబట్టి పారేయరు.

కష్టం గురించే అడగాలనిపిస్తే దానికీ అంకె ఉంది. 50 పౌండ్ల విల్లంటే లాగేటప్పుడు గరిష్ఠ బరువు 22 కిలోల పైనే. చక్రాలు తిరిగాక పట్టి ఉంచే బరువు అందులో నాలుగో వంతుకి తగ్గుతుంది, కానీ అక్కడిదాకా ప్రతిసారీ లాగాల్సిందే. రోజుకు 200 బాణాలు వేస్తే నాలుగున్నర టన్నులు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ ఒక్కోటి 45 కిలోల లెక్కన వంద టిక్కీలు, ఒక్క కుడిచేత్తో. అందుకని కరచాలనం చేస్తూ ఆ చెయ్యి పట్టుకుని ఊపకండి. నమస్కారం మేలు.

పెట్టె వచ్చాక “ఒకసారి లాగి చూస్తానమ్మా” అనే పెద్దమనిషి ఎప్పుడూ ఒకరుంటారు. బాణం లేకుండా లాగి వదిలితే ఆ బలమంతా బాణంలోకి పోవాల్సింది పోయి విల్లులోకే తిరిగొస్తుంది. లింబ్ చీలుతుంది, నారి తెగి మొహాన కొట్టొచ్చు. కాంపౌండ్ విల్లు పూర్తి సరంజామా లక్షల్లో ఉంటుంది. ఆ అమ్మాయి మర్యాదకి కాదనలేక నిలబడితే, పక్కనున్నవాళ్లయినా అడ్డుపడాలి.

అలాగే పూతరేకులు, ఇంట్లో నూరిన బలం చూర్ణాలు. ఇస్తే తీసుకుంటారు, తినరు. పొగరు అనుకోవద్దు. డోపింగ్ నిబంధనల్లో ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. ఎవరో ఇచ్చారు, తెలియక తిన్నాను అన్నంత మాత్రాన పరీక్ష ఫలితం రద్దు కాదు. ముద్రలేని చూర్ణంలో ఏం కలిసిందో ఇచ్చినవాళ్లకే తెలియకపోవచ్చు. నీళ్ల సీసా కూడా తామే మూత తీసింది తప్ప తాగరు, ఒకసారి పక్కన పెట్టి వెళితే మళ్లీ ముట్టుకోరు. పరీక్షల జాబితాలో ఉన్న పెద్ద ఆటగాళ్లు రోజూ ఒక గంట ఎక్కడ దొరుకుతారో ముందే రాసివ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు ఆ లెక్క తప్పితే నిషేధం దాకా వెళ్తుంది. విమానం ఆలస్యమైతే దిగీ దిగగానే తల వంచుకుని ఫోన్‌లో మార్చుకుంటున్నది చాలాసార్లు అదే. సెల్ఫీకి అప్పుడు పిలవకండి, రెండు నిమిషాలాగండి.

పెట్టె బెల్టు మీద కనిపించగానే మాట ఎక్కడుంటే అక్కడ తెగిపోతుంది. ముందు లాకులు చూస్తారు, తర్వాత మూలలు. మీరు సాయం చేద్దామని పిడి పట్టుకోబోతే “వద్దండీ అంకుల్, నేను తీసుకుంటా” అంటారు. తీసుకోనివ్వండి.