ఉల్లి పై పొర

ఇన్నాళ్లూ ఉల్లిపాయ తొక్కతో పాటు కింద ఉన్న ఎర్రటి పొర కూడా తీసి పడేసేదాన్ని. "అంత మందంగా ఒలుస్తావేంటే, సగం పాయ పోయింది" అనేది అమ్మ. పొదుపు కోసం అంటోందనుకున్నా. నాన్నకి బీపీ వచ్చాక చదివితే తెలిసింది, బీపీకి మంచిదని చెప్పే క్వెర్సెటిన్ అనే పదార్థం ఉల్లిలో ఎక్కువగా ఆ పై పొరల్లోనే ఉంటుందట! తెల్ల ఉల్లి కన్నా ఎర్రదాంట్లో ఎక్కువ. ఉడికిస్తే కొంత నీళ్లలోకి దిగుతుంది, పులుసైతే ఆ నీళ్లూ మన కంచంలోకే కదా.

బీపీ కాస్త తగ్గిందన్న పరిశోధనల్లో మాత్రం ఇచ్చింది మాత్రలుగా, రోజుకి 500 మిల్లీగ్రాములు, ఆపైన. 100 గ్రాముల ఎర్ర ఉల్లిలో ఉండేది 30, 40 అంతే. అందుకే నాన్న మందు ఆపలేదు.

ఇవాళ ఉల్లిపాయ పులుసు పెట్టాను. గోటితో కాగితమంత పల్చగా తొక్క తీస్తుంటే అమ్మ చూసి, ఏమీ అనకుండా తనూ ఒక పాయ అందుకుంది.