ఐడిల్‌లో వణుకు

మా డీజిల్ కారు నడుస్తుంటే ఏ బాధా లేదు, ఆగితేనే గోల. టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చాలు, స్టీరింగ్ వణుకుతుంది. ఏసీ వేస్తే డ్యాష్‌బోర్డు కూడా తోడవుతుంది. "ట్రాక్టర్ ఎక్కినట్టుంది" అని ఇంట్లో సణుగుడు. సెలవు కదా అని ఈ పొద్దు గుత్తి రోడ్డులో మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాను.

ఇంజిన్ ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరిగేలా) పెట్టి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కరెంటు కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. పీకిన ప్రతిసారీ ఇంజిన్ దిగజారి ఇంకా ఊగింది. "నాలుగూ పని చేస్తాన్నాయి సార్. పీకినా తేడా రాకుంటే ఆ సిలిండర్ పని చేయనట్టు." పాత డీజిళ్లలో ఇంజెక్టర్ పైపు నట్టే వదులు చేసి చూసేవాళ్లు. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని చేయకూడదు. ఐడిల్‌లోనే వందల బార్ల ప్రెషర్, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

తర్వాత ఇంజిన్ కింద చెక్క పెట్టి జాకీతో లేపి చూశాడు. ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చీలి, లోపలి ఆయిల్ కారిపోయింది.

కొత్తది తెప్పించేదాకా బెంచీ మీద కూర్చున్నా. పక్కనున్న పెద్దాయన "నాలుగు సిలిండర్లు కదా, బ్యాలెన్స్ తప్పింటుంది" అన్నాడు. సగం నిజమే. రెండు పిస్టన్లు పైకి పోతే రెండు కిందికి వస్తాయి. కానీ పిస్టన్‌ని క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వాలుగా తిరగడం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నిదానంగా కదులుతుంది. అందుకే రెండు జతలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకోవు. మిగిలిన బలం క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఇంజిన్‌ని కిందికీ పైకీ ఊపుతుంది. దీన్ని అణచడానికే ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజినీరు, క్రాంక్‌కు రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు షాఫ్టులు పెట్టాలని నూరేళ్ల కిందటే ఆలోచించాడు. వరుసగా ఆరు సిలిండర్లుంటే ఈ తంటానే లేదు.

అయితే ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. హైవే మీద మూడు వేల ఆర్‌పీఎంలో (నిమిషానికి మూడు వేల చుట్లు) వినిపించే హోరుకు అది కారణం కావచ్చు గానీ, ఐడిల్‌లో దాని పాత్ర తక్కువ. అక్కడ వణికించేది సిలిండర్లో డీజిల్ మండినప్పుడల్లా పడే దెబ్బ. డీజిల్‌లో గాలిని పదహారు రెట్లో, ఇంకా ఎక్కువో నొక్కుతారు, పెట్రోల్‌లో పది రెట్ల చుట్టుపక్కల; అందుకే డీజిల్ దెబ్బ గట్టిది. చుట్టుకు రెండు చొప్పున, 800 ఆర్‌పీఎంలో సెకనుకు దాదాపు ఇరవై ఏడు దెబ్బలు పడతాయి. వాటిని బాడీకి చేరకుండా ఆపాల్సింది మౌంటింగే.

బిగించాక స్టీరింగ్ కుదుటపడింది. ఏసీ వేస్తే మాత్రం కొంచెం ఉంది.

"డీజిల్ బండి సార్, అంతే. మిగతా మౌంటింగులు కూడా మార్చుకుంటే మేలు."

వచ్చే నెల జీతం పడనీ భాయ్ అన్నా.