నీళ్లు తగ్గించాకే తేరుకున్నాను

మొన్నటి రిపోర్టులో క్రియాటినిన్ 0.9 వచ్చింది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది, పెరిగితే కిడ్నీలకి కష్టమని. ఆ కాగితం చూశాక ఊపిరి పీల్చుకున్నాను కానీ కోపం మాత్రం పోలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు చాలా ఏళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల పుళ్లు పడే జబ్బు. మందులకు లొంగలేదు. కిందటేడు హైదరాబాద్‌లో పెద్దపేగు తీసేసి ఇలియాస్టమీ చేశారు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుడతారు, మలం అక్కడి నుంచి సంచిలోకి వస్తుంది. ఆ ద్వారాన్నే స్టోమా అంటారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ముందురోజు స్టోమా సిస్టర్ నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి, లంగా బొందు ఎక్కడ కడతానో అడిగి మరీ స్టోమా ఎక్కడ రావాలో మార్కర్‌తో గుర్తు పెట్టింది. ఇవాళ చీర కట్టుకుని బడికి వెళ్తున్నానంటే ఆవిడ పుణ్యమే. సంచి మార్చడం కూడా తొందరగానే చేతికొచ్చింది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు బాధ. మామూలుగా సంచిలోకి రోజుకి 500 నుంచి 1000 మిల్లీలీటర్ల దాకా, కాస్త చిక్కగా రావాలి. నాకు రెండు లీటర్లు దాటేది, అదీ ఉత్త నీళ్లు. రాత్రంతా లేవడం, ఖాళీ చేయడం. పిక్కలు పట్టేసేవి, నోరు పిడచకట్టుకుపోయేది, మూత్రం చూస్తే కాసిన్ని చుక్కలు. ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేస్తే ఎవరో జూనియర్ ఎత్తి, "నీళ్లు బాగా తాగండమ్మా, డీహైడ్రేషన్ అయి ఉంటుంది" అని పెట్టేశాడు. తాగాను. అత్తమ్మ బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు ఇచ్చింది. మావారు మెడికల్ షాపులో అడిగితే, పైన ఓఆర్ఎస్ అని పెద్దక్షరాలున్న తియ్యటి జ్యూస్ డబ్బాలు అంటగట్టారు. ఎంత తాగితే అంతకు మించి సంచిలోకి వచ్చేది.

ఒకరాత్రి బాత్రూమ్ గుమ్మంలోనే కళ్లు తిరిగి పడిపోయాను. మా ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లారు. అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డ్యూటీ డాక్టర్ కుర్రాడు. మావారు "ఇలియాస్టమీ అయిందండీ, ఔట్‌పుట్ ఎక్కువగా ఉంది" అని చెబుతూనే ఉన్నారు. అతను తలెత్తకుండా "లూజ్ మోషన్స్" అని రాసుకున్నాడు.

"ఎన్నిసార్లు వెళ్లారు?"

"వెళ్లడం ఉండదు సార్, సంచిలోకి వస్తుంది."

"అదేనమ్మా, రోజుకి ఎన్నిసార్లు?"

నేను జవాబు చెప్పేలోపే నర్సు వైపు తిరిగి "డైపర్ వేసేయ్ సిస్టర్" అన్నాడు. పెద్దపేగు లేని మనిషికి, మలం పొట్టలోంచి వచ్చే మనిషికి, డైపర్! దుప్పటి తీసి ఒక్కసారి చూస్తే అతని సొమ్మేం పోయేది?

డైపర్ వేయడానికి నన్ను పక్కకి దొర్లించారు. నిండిన సంచి నలిగింది, అతుకు ఒక పక్క లేచింది. స్టోమాకి బిగపట్టుకునే కండరం ఉండదు, మనం ఆపుదామంటే ఆగదు. దుప్పటి, చీర అన్నీ తడిసిపోయాయి. నర్సు "అయ్యో, కడుపులోంచి వస్తోంది" అని అరిచి, దూదికట్ట మంచం మీద పడేసి రెండడుగులు వెనక్కి వేసింది. తెర సగమే లాగి ఉంది. పక్క మంచం దగ్గర నిలబడ్డావిడ "టీచర్‌గారూ, మీరా?" అంది. మా ఏడో తరగతి పిల్లాడి తల్లి. ఏం చెప్పను? ఒక చేతికి సెలైన్ పెట్టుకుని రెండో చేత్తో నన్ను నేనే తుడుచుకున్నాను. అంతమందిలో ఆయా ఒక్కతే వచ్చి తెర పూర్తిగా లాగి, బకెట్ పట్టుకుని పక్కన నిలబడింది. చదువుకున్నవాళ్లకి లేని ఇంగితం ఆవిడకుంది.

క్రియాటినిన్ 2.4. సెలైన్ ఎక్కించారు, లేచి కూర్చున్నాను. డిశ్చార్జి కాగితం మీద మళ్లీ అదే మాట: నీళ్లు బాగా తాగాలి. వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడు హైదరాబాద్ వెళ్లి స్టోమా సిస్టర్ ముందు కూర్చున్నాం. ఆవిడ మొదట అడిగింది, రోజుకి ఎంత తాగుతున్నారని. నాలుగు లీటర్లన్నాను. "అందుకేనమ్మా. ముందు మామూలు నీళ్లు తగ్గించండి" అంది.

ఉప్పునీ నీటినీ వెనక్కి పీల్చుకునే పెద్దపేగు నాలాంటివాళ్లకు లేదు. ఉప్పులేని నీళ్లు తాగితే, ఒంట్లోని సోడియం పేగులోకి ఊరి, ఆ నీళ్లతోపాటే బయటికి పోతుంది. చక్కెర మరీ ఎక్కువైతే అది కూడా నీటిని పేగులోకి లాగుతుంది. యూరిన్ సోడియం పరీక్ష చేయిస్తే 10 లోపే వచ్చింది, అంటే ఒంట్లో ఉప్పు ఖాళీ. మెగ్నీషియం కూడా తక్కువే, పిక్కలు పట్టేసింది అందుకేనట.

సర్జన్‌గారు కూడా చూసి సరేనన్నాక పద్ధతి మారింది. నీళ్లు, టీ, మజ్జిగ అన్నీ కలిపి రోజుకి లీటరు దాటకూడదు. మిగతాదంతా ఉప్పు ద్రావణం: లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజ్ పొడి, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. చెంచా లెక్కలు నమ్మకుండా చిన్న కాటా కొన్నాను. రుచి ఘోరం. ఫ్రిజ్‌లో పెట్టి, స్ట్రాతో రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఆ జ్యూస్ డబ్బాల సంగతి. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, సోడియం 75 మిల్లీమోల్. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు, ఉప్పు అంతంతమాత్రం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్‌గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దంది. ఆవిడ పోరాడింది పిల్లల కోసం, కానీ నాలాంటివాళ్లం కూడా ఆవిడకి రుణపడ్డాం. షాపులో పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసే కొనండి.

పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్రలు భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే పెద్దగా లాభముండదు. ఎన్ని అన్నది సర్జన్‌గారి లెక్క. షాపతను "ఇన్నెందుకమ్మా" అని ప్రతిసారీ ఆరా తీస్తాడు, చీటీ చూపించి ఊరుకుంటాను. ఒక్క జాగ్రత్త: కడుపునొప్పి వచ్చి సంచిలోకి ఏమీ రాకపోతే పేగు అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

తిండిలో మెత్తటి అన్నం, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప నాకు పడ్డాయి. మొక్కజొన్న, పచ్చికొబ్బరి జోలికి పోను. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తాను. మొన్న మా చెల్లి కూతురి పెళ్లిలో పట్టుచీర కట్టుకుని తలంబ్రాల దాకా పీటల పక్కనే కూర్చున్నాను, ఒక్కరికీ తెలియలేదు.

నా పర్సులో ఇప్పుడొక లామినేట్ చేసిన కార్డు ఉంటుంది: "నాకు పెద్దపేగు లేదు. ఇలియాస్టమీ ఉంది. ఔట్‌పుట్ ఎక్కువైతే ఉత్త నీళ్లు తాగించకండి. సెలైన్ పెట్టండి, సోడియం, మెగ్నీషియం, క్రియాటినిన్ చూడండి. డైపర్ అక్కర్లేదు." ఆఖరి వాక్యం వద్దన్నారు మావారు. నేను ఉంచాను.