మక్కా మసీదు నమూనా: తొమ్మిదో వారం

ఈ వారం గోపురాలు కరిగిపోయాయి. రెండు మూల స్తంభాల మీదికి తెచ్చిన థర్మాకోల్ బంతులకి స్ప్రే రంగు కొట్టాను. ఆ రంగులోని ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుందట. చూస్తుండగానే గుంటలు పడ్డాయి. కొత్త బంతులకి ముందు పల్చటి ఫెవికాల్ రెండు పూతలు వేసి, బాగా ఆరాక కుంచెతో అక్రిలిక్ రంగు వేస్తే నిలిచింది.

కొలతలు అడిగినవాళ్ళ కోసం: హైదరాబాదులోని అసలు ప్రార్థన మందిరం వెడల్పు 220 అడుగులు, లోతు 180, ఎత్తు 75. 1:200 లెక్కన నాది 33.5 సెం.మీ., 27.4, 11.4. అట్టతోనే కడుతున్నాను. విశాఖ గాలికి అట్ట వారంలో వంగిపోతుంది. ఒక వైపే జిగురు పూస్తే మరీ చుట్టుకుంటుంది. రెండు వైపులా పూసి, ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా బరువు వేసి రెండు రోజులు వదిలేయాలి.

పైకప్పుని మోసే కమానులు 15, మూడు వరుసల్లో ఐదేసి. ఒక్క కమాను అచ్చు సరిగ్గా కోసుకుంటే చాలు, మిగతావి దాన్ని చూసి కోసేయొచ్చు. పడమటి గోడలో మిహ్రాబ్ దగ్గర, అంటే నమాజు దిక్కుని చూపే గూడు దగ్గర మాత్రం తొందరపడలేదు. అసలు మిహ్రాబ్‌ది ఒకే బండ. దాన్ని తొలవడానికి ఐదారు వందల మందికి ఐదేళ్ళు పట్టిందనీ, లాగడానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయనీ ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. అది చదివాక అట్టముక్కలు అతికించి చేయబుద్ధి కాలేదు. బలపపు రాయి ముక్కని పాత బ్లేడుతో నాలుగు సాయంత్రాలు చెక్కాను. అంచు కొంచెం చిట్లింది, అయినా ఉంచేశాను. 1617లో సుల్తాన్ మొహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టించిన పని ఔరంగజేబు హయాంలో 1694కి గానీ పూర్తవలేదు. నాకు నాలుగు సాయంత్రాలు ఎక్కువేం కాదు.

ఇన్నాళ్ళూ మందిరం ఒక్కటే కడితే చాలనుకున్నాను. మొన్న శుక్రవారం వన్‌టౌన్‌లో ఒక మసీదు పక్కగా వెళ్తుంటే నమాజు వేళ. లోపల నిండిపోయి వరుసలు వరండాలోకి, మెట్ల కిందికి వచ్చేశాయి. అయ్యాక ఒక పెద్దాయన్ని అడిగాను. "లోపల జాగా లేకపోతే బయట నిలబడతాం బాబూ. వరుస మాత్రం తెగకూడదు," అన్నారు. మక్కా మసీదులో రంజాన్ ఆఖరి శుక్రవారం జనమంతా పట్టేది ఆవరణలోనే కదా! అది లేకుండా నేను కడుతున్నది సగం మసీదే.

అందుకే అడుగుపలకకి తూర్పు వైపు ఇంకో ప్లైవుడ్ ముక్క అతికించాను. నమాజుకి ముందు వజూ, అంటే కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కోవడం, చేసుకునే హౌజుకి (నీళ్ళ తొట్టికి) పారదర్శకమైన ఫైల్ కవరు, కింద లేత ఆకుపచ్చ రంగు. దక్షిణాన అసఫ్‌జాహీల (హైదరాబాదు నిజాముల వంశం) సమాధుల మంటపానికి చోటు గుర్తు పెట్టాను, దాని పని వచ్చే వారం. ఒక్కో నమాజు వరుసకి 1.2 మీటర్లు అనుకుంటే నా కొలతలో 6 మి.మీ. గట్టి పెన్సిల్‌తో, పడమటి గోడకి సమాంతరంగా గీస్తున్నాను. ఇప్పటికి పదమూడు గీతలు అయ్యాయి.