పొద్దున ఒక్కసారే మొరాయించే కారు

మా కారు 2005 మోడల్ పెట్రోల్ బండి, నాన్న చేతి నుంచి నాకు వచ్చింది. కంపెనీ పేరెందుకు, ఇరవయ్యేళ్లు నడిచిన బండిని ఏమని తిడతాం. మేముండేది హైదరాబాద్ శివార్లలో, రామచంద్రాపురం దగ్గర. డిసెంబర్ వచ్చిందంటే సిటీ కంటే ముందు మా పటాన్‌చెరు వైపే చలి దిగుతుంది, పొద్దున ఆరింటికి సెల్లార్‌లోకి వెళ్తే చెవులు జివ్వుమంటాయి. సరిగ్గా అప్పుడే మొదలైంది దీని గోల. తాళం తిప్పితే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. నాలుగో సారికో ఐదో సారికో రేస్ ఇస్తూ కొడితే దగ్గుతూ లేస్తుంది. ఆ తర్వాత రోజంతా ఎక్కడ ఆపినా, ఎన్నిసార్లు తిప్పినా టక్కున స్టార్ట్.

దీన్ని మెకానిక్‌కి చూపించడం ఒక కామెడీ. నేను ఇంటి నుంచి షెడ్డుకి తీసుకెళ్లేసరికే ఇంజన్ వేడెక్కి ఉంటుంది, అతను తాళం తిప్పితే ఒక్క దెబ్బకి లేస్తుంది. "ఏముందన్నా, మంచిగనే ఉంది గదా" అన్నాడు మొదటిసారి. రెండోసారి "బ్యాటరీ ఖతమైంది" అన్నాడు. మార్చాం. మూడోసారి స్పార్క్ ప్లగ్గులు మార్చాం. రెండిటికీ కలిపి డబ్బులు వదిలాయి, రోగం మాత్రం వదల్లేదు.

బ్యాటరీ విషయంలో తప్పు నాది కూడా. సెల్ఫ్ నీరసంగా, ఆగి ఆగి తిరిగితే అప్పుడు బ్యాటరీనో, టెర్మినల్ తుప్పునో, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరునో అనుమానించాలి. నాది జోరుగా తిరుగుతోంది, అయినా స్టార్ట్ కావడం లేదు, అంటే కరెంటు కాదు సమస్య, పెట్రోలో నిప్పురవ్వో. ఇది వినికిడితోనే తేలిపోయే ముక్క, పైసా ఖర్చు లేదు, కానీ చలిలో టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరు వింటారు.

పక్క ఫ్లాట్ అంకుల్ మాత్రం ఇదంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పుణ్యమే అని తేల్చేశారు. పూర్తిగా కొట్టిపారేయలేం, ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోల్ కంటే చాలా ఎక్కువ వేడి కావాలి, చల్లటి ఇంజన్‌కి అది ఇబ్బందే. కానీ అదే బంకులో పోయించుకునే మా తమ్ముడి కారు, అదీ పాతదే, రోజూ పొద్దున చక్కగా లేస్తోంది.

ఇక నేనే కూర్చున్నాను. చల్లగా ఉన్న ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాలి. వెనకటి కార్బ్యురేటర్ బళ్లలో మనమే చోక్ లాగేవాళ్లం. ఈ ఇంజెక్షన్ బళ్లలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది, ఇంజన్ ఎంత చల్లగా ఉందో దానికి చెప్పేది కూలెంట్‌లో మునిగి ఉండే రెండు వైర్ల చిన్న సెన్సర్. అది అబద్ధం చెబితే? ఇంజన్ చల్లగా ఉన్నా "వేడిగానే ఉన్నాం" అంటే కంప్యూటర్ పెట్రోల్ తగ్గించి ఇస్తుంది, ఇంజన్ అందుకోదు. డ్యాష్‌బోర్డు మీద ముల్లు సరిగ్గానే చూపిస్తోంది కదా అని కొన్నాళ్లు మోసపోయాను. మా బండిలో ఆ ముల్లుకి వేరే సెన్సర్, కంప్యూటర్‌కి వేరే సెన్సర్.

రాత్రంతా ఆగి ఉన్న బండి దగ్గరికి, తాళం కూడా పెట్టకముందే, మల్టీమీటర్ పట్టుకుని వెళ్లాను. సెల్లార్‌లో 16 డిగ్రీలు. ఈ సెన్సర్లు చల్లబడేకొద్దీ నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, పెరిగే రకం, చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు కిలో ఓములు ఉంటుంది, 80 దగ్గర మూడు వందల ఓములకి పడిపోతుంది. నాకు మూడు వేల దరిదాపుల్లో కనపడాలి. కనపడింది 560. అంటే మంచు కురిసే పొద్దున మా ఇంజన్ తాను 60 డిగ్రీల్లో ఉన్నానని చెప్పుకుంటోంది! చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలగలేదంటే, 60 అనేది జరగడానికి వీలున్న అంకే కదా, కంప్యూటర్‌కి అనుమానం రాదు. ఎండాకాలంలో బయటపడకపోవడానికి కూడా కారణం ఇదే అయ్యుండాలి, 30 డిగ్రీల పొద్దుల్లో కొంచెం పెట్రోల్ తగ్గినా ఇంజన్ సర్దుకుపోతుంది.

ఇప్పటికే రెండు పార్టులు గుడ్డిగా కొన్నాను కాబట్టి మూడోది రుజువు లేకుండా కొనదలుచుకోలేదు. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి 2.7 కిలో ఓముల రెసిస్టర్ తెచ్చాను, అది చిల్లర పైసల వస్తువు. చల్లటి పొద్దున మంచి సెన్సర్ చూపించాల్సిన నిరోధం దాదాపు అంతే, కాబట్టి సెన్సర్ బదులు ఇది "చల్లగా ఉన్నాం" అని కంప్యూటర్‌కి చెబుతుంది. మర్నాడు పొద్దున సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, దాని రెండు రంధ్రాల్లో రెసిస్టర్ కాళ్లు గుచ్చి తాళం తిప్పాను. ఒక్క సెకను. లేచి కూర్చుంది. సెల్లార్‌లో ఒంటరిగా నవ్వుకున్నాను, వాచ్‌మన్ చూశాడు. ఎవరైనా ఈ పని చేస్తే అది పరీక్ష వరకే, అలాగే వదిలేసి తిరగొద్దు. ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని పెట్రోల్ తాగేస్తుంది, పైగా చాలా బళ్లలో రేడియేటర్ ఫ్యాన్ కూడా ఆ సెన్సర్ మాట మీదే తిరుగుతుంది.

సెన్సర్ పుత్లీబౌలిలో దొరికింది, పాతది చేతిలో పట్టుకుని వెళ్తే పోల్చి ఇచ్చారు. ఇంజన్ పూర్తిగా చల్లారాక విప్పి, కారిపోయిన కూలెంట్ నింపి, అరగంటలో పని అయిపోయింది. బ్యాటరీ, ప్లగ్గులు మార్చిన మెకానిక్‌కి చెబితే "బండి ఒక రాత్రి నా దగ్గర ఇడిసిపెట్టి పోతే నాకు సుత దొరికేది అన్నా" అన్నాడు. అదీ నిజమే, అతను అడగలేదు, నాకూ తోచలేదు.

రోజూ పొద్దున ఇప్పుడు గోల లేదు. ఊరికెళ్లి నాలుగు రోజుల తర్వాత వస్తే మాత్రం మొదటి సెల్ఫ్‌కి ఇంకా అందుకోవట్లేదు. తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఇంజన్‌కి పెట్రోల్ తోసే పంపు చప్పుడు విని, ఆపి, మళ్లీ ఆన్ చేసి అప్పుడు కొడితే లేస్తోంది. అంటే పెట్రోల్ లైన్లో ప్రెషర్ నిలవడం లేదు, పంపులో వెనక్కి పోకుండా ఆపే వాల్వు అరిగి ఉంటుంది, లేదా ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఏదో ఒక ఇంజెక్టర్ కారుతోంది. దానికి ప్రెషర్ గేజి కావాలి. సంక్రాంతి అయ్యాక చూస్తాను.