సిరిమానుకి ఇల్లు కడిగిస్తున్నారా?

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని విజయనగరంలో చాలా ఇళ్లలో కడుగుడు పనే. మనిషిని పెట్టి చేయించాక, నేల ఆరగానే చారలు తేలితే ముందు బకెట్ చూడండి. ఒకే నీళ్లతో నాలుగు గదులు తుడిస్తే మురికి పోదు, పరుచుకుంటుంది. గదికోసారి నీళ్లు మార్చాలి. ఫినాయిల్ ఎక్కువైనా జిడ్డు మిగిలి కాలిముద్రలు పడతాయి. సీసా మీది కొలతే చాలు. బూజు, ఫ్యాన్లు ముందు, నేల ఆఖర్న.

కుళాయిల మీద తెల్లమరక బోరునీటి సున్నం, సబ్బుకి లొంగదు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ 15-20 నిమిషాలు చుట్టి ఉంచి, రుద్ది కడిగితే వదులుతుంది. మార్బుల్ మీద మాత్రం వెనిగర్, యాసిడ్ ఏదీ వద్దు, మెరుపు తినేస్తాయి. బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ అస్సలు కలపనివ్వకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది పనిచేసే ఆవిడ ప్రాణం సంగతి.

పని బాగోలేదని కూలి కోసేయడం తప్పు. ఆవిడ వెళ్లకముందే, పగటి వెలుగులో, గది గదీ కలిసి చూసి "అమ్మా, ఈ మూల ఇంకొక్కసారి" అని చూపించండి. ఏయే గదులు, ఎన్ని గంటలు అన్నది బేరమప్పుడే చెప్పాలి. కిటికీ ఊచలు, అటకలు చాలామంది చెప్పకుండా వదిలేసేవి.